ఆ రెండు సెకన్లకు ముందు

"ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావ్." కర్ణాటకలో బీదర్ జిల్లాలోని మా హుమ్నాబాద్‌లో ఎవరు ఎవరికి బండి నేర్పినా మొదట చెప్పే మాట ఇదే. మా బజార్లో కన్నడ, తెలుగు, మరాఠీ, దక్కనీ ఉర్దూ కలగలిసి వినిపిస్తాయి. ఈ హెచ్చరిక మాత్రం ఏ భాషలో విన్నా ఒకటే. అన్న తమ్ముడికి చెప్తాడు, మామ మేనల్లుడికి చెప్తాడు. చెప్పేవాళ్ల ప్రేమలో లోటేమీ లేదు. ఇసక మీదో మలుపులోనో ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టేసి పడ్డవాణ్ణి వాళ్లు కళ్లారా చూసే ఉంటారు. ఊరు చూసిన దెబ్బలన్నీ కలిసి ఒక సూత్రమయ్యాయి. ఆ సూత్రమే ఇప్పుడు మనుషుల్ని చంపుతోంది.

బండి ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి వచ్చి పడుతుంది. వెనక చక్రం తేలికైపోతుంది, రోడ్డు మీద దానికి పట్టు తగ్గుతుంది. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుకే ఉండటానికి కారణం ఇదే. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం ఏదో ఉందని కన్ను చూసి చెయ్యి కదిలేలోగానే ఆ 17 మీటర్లూ అయిపోతాయి. ఆ తర్వాత పొడి తారురోడ్డు మీద రెండు బ్రేకులూ సరిగ్గా వేస్తే ఇంకో 20 మీటర్లలో ఆగొచ్చు. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే 40 దాకా పోతుంది. చెరకు సీజన్‌లో మా తాలూకాలో రాత్రిపూట వెనక లైటు లేని ట్రాలీ ఎదురైనవాళ్లకు ఆ మిగతా 20 మీటర్ల విలువ తెలుసు.

నేను పుట్టింది తెలంగాణలోని జహీరాబాద్‌లో. బ్యాంకు ఉద్యోగం వల్ల హుమ్నాబాద్‌లో ఉంటున్నాను. 1956లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు మా రెండు ఊళ్ల మధ్యా గీత పడింది గానీ, పుణె నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం దాకా పోయే రోడ్డు మాత్రం రెంటినీ ఇప్పటికీ కలిపే ఉంచింది. ఆ రోడ్డు మీదే నా రాకపోకలన్నీ. గేర్ల బండి నేర్చుకోవాలనిపించినప్పుడు ఇంట్లోవాళ్ల దగ్గర కాకుండా, పద్ధతిగా నేర్పేచోట నేర్చుకుందామని హైదరాబాద్‌లో కొత్తవాళ్ల తరగతిలో చేరాను. ఈ వయసులో ఎందుకని అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆ నగరం నుంచే 2018లో జై భారతి, మరో ముగ్గురు ఆడవాళ్లు మోటార్‌సైకిళ్ల మీద మెకాంగ్ నది పారే దేశాల దాకా వెళ్లొచ్చారు. తర్వాత ఆమె మోవో అనే సంస్థ పెట్టి ఆడవాళ్లకు బండ్లు నేర్పిస్తున్నారు. వయసు, ఆడతనం అనే అడ్డంకులు ఆ నగరంలో ఇప్పటికే కొంత కరిగాయి.

తరగతిలో ముందు ఇంజన్ ఆపేసి బండిని తోయించారు. బరువు ఎటు ఒరుగుతుందో ఒంటికి తెలియాలట. తర్వాత హాఫ్ క్లచ్ మీద నడకంత నిదానంగా కోన్ల మధ్య తిప్పించారు. ఆ తర్వాతంతా బ్రేకే. గీత దగ్గరికి రావాలి, యాక్సిలరేటర్ వదలాలి, ముందు బ్రేకును వేళ్లతో మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కుతూ పోవాలి, దాంతోపాటే వెనకది. మళ్లీ వెనక్కి వెళ్లాలి, మళ్లీ రావాలి. నేర్పే అబ్బాయి నాకంటే చాలా చిన్నవాడు. "అక్కా, వేళ్లకు అర్థమయ్యేదాకా చేద్దాం," అన్నాడు. నేను మొదటిరోజే నోట్‌బుక్‌లో రాసుకున్న మాట అది. తలకు ఎప్పుడో అర్థమైంది. బరువు ముందుకు వస్తుందన్న లెక్క నేను కాగితం మీద వేసి చూపించగలను. వేళ్లు మాత్రం ఊరి సూత్రాన్నే పట్టుకుని ఉన్నాయి.

అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడు లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో తొమ్మిది వందల మోటార్‌సైకిల్ ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చాడు. అందులో సంగతులు చదువుతుంటే హుమ్నాబాద్ గురించే రాశాడా అనిపిస్తుంది. ప్రమాదాల పాలైనవాళ్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంటివాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో బండి నేర్చుకున్నవాళ్లు. ఆపద ఎదురైనప్పుడు చాలామంది వెనక బ్రేకు అతిగా తొక్కి చక్రం జారనిచ్చారు, ముందు బ్రేకు చాలినంత వాడలేదు. తప్పించుకోవడానికి వాళ్లకు దొరికిన సమయం రెండు సెకన్లలోపే.

ఈ రెండు సెకన్ల దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. మనిషి నిర్ణయాలు తీసుకుంటాడని, మంచి నిర్ణయాలు తీసుకునేవాడు మంచి మనిషని నేను చాలాకాలం నమ్మాను. ఆ రెండు సెకన్లలో నిర్ణయం తీసుకోవడానికి అక్కడ ఎవరూ ఉండరు. ఏది మంచిదని తూకం వేసే మనసు ఇంకా నిద్రలేవకముందే చెయ్యి తన పని చేసేస్తుంది. అది ఏం చేస్తుందన్నది ఎప్పుడో వారాల కిందట, ఏ ప్రమాదమూ లేని ఖాళీ మైదానంలో ఖాయమైపోయి ఉంటుంది. అంటే ఆ క్షణంలో నేను ఎవరినన్నది ఆ క్షణంలో తేలేది కాదు. కోపం వచ్చినప్పుడు నోటివెంట వచ్చే మాట సంగతీ ఇంతే. కౌంటర్ దగ్గర ముసలాయన మూడోసారి అదే ప్రశ్న అడిగినప్పుడు నా ముఖంలో కనిపించేదీ ఇంతే.

ఆదిపర్వంలో అర్జునుడి ముచ్చట మనకందరికీ తెలిసిందే. రాత్రి భోంచేస్తుంటే గాలికి దీపం ఆరిపోతుంది. చీకట్లోనూ చెయ్యి నోటి దగ్గరికే పోతుంది. ఇది అలవాటు చేసిన పని అని అతనికి తడుతుంది, లేచి చీకట్లో బాణాలు వేయడం సాధన చేస్తాడు. చిన్నప్పుడు దీన్ని పట్టుదల కథగా విన్నాను. ఇప్పుడు నాకు అందులో పెద్ద విషయం దీపమే అనిపిస్తోంది. వెలుతురున్నప్పుడు అందరం గురి చూడగలం. దీపం ఆరిన తర్వాత మిగిలేది ఏమిటన్నది అతను అన్నం ముందు కూర్చుని గమనించాడు.

శరీరానికి తెలిసిన చాలా సంగతులు మనకు చెప్పడం చేతకాదు. కొంచెం వేగంలో ఉన్న బండి కుడికి తిరగాలంటే కుడివైపు హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. వింటే తలకిందులుగా ఉంటుంది. ఏళ్లుగా బండి నడిపేవాళ్లను అడిగితే కుడికి తిప్పుతామనే అంటారు, చేతులు మాత్రం నెడుతూనే ఉంటాయి. మామూలు రోజుల్లో ఈ తెలియనితనంతో నష్టమేమీ లేదు. ఉన్నట్టుండి ఏ ఆవో అడ్డం వచ్చినప్పుడే భయపడ్డ మనిషి చేతులకు తోచినదాన్ని వదిలేసి, తలకు తోచినట్టు హ్యాండిల్ తిప్పబోతాడు.

చూపుదీ ఇలాంటి పనే. గుంతను తప్పించాలని గుంతనే చూస్తూ పోయేవాడు నేరుగా గుంతలోకే పోతాడు. చూపు ఎటు నిలిస్తే తల అటు, భుజాలు అటు, బండి అటు. "కోన్‌ను చూడకు అక్కా, కోన్ల మధ్య జాగా చూడు," అని ఆ అబ్బాయి అంటూనే ఉండేవాడు. భయం మనల్ని భయపెట్టినదాని వైపే లాక్కుపోతుందని పెద్దలు ఎన్ని రకాలుగా చెప్పినా నాకు నచ్చజెప్పింది రబ్బరు కోన్లే.

బ్యాంకులో నా టేబుల్ మీదికి టూవీలర్ లోన్ ఫైళ్లు వస్తుంటాయి. షోరూం కొటేషన్, ఆదాయం కాగితం, ఆధార్, ఇన్సూరెన్స్. దసరాకి ముందు ఎక్కువ. కొత్త బండి వచ్చాక వీరభద్రేశ్వరుడి గుడి దగ్గర పూజ, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ పూజ మీద నాకు గౌరవం ఉంది. ఒక ప్రాణాన్ని రోడ్డు మీదికి పంపుతున్నామన్న ఎరుక ఆ కుటుంబం చూపించే ఘడియ అదొక్కటే. అయితే 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో సుమారు 75 వేలమంది రెండు చక్రాల బండ్ల మీదున్నవాళ్లు. అక్షరాలకు గురువు ఉన్నాడు, పాటకు ఉన్నాడు, వంటకు అమ్మ ఉంది. ఇంతమందిని తీసుకుపోయే విద్యకు మాత్రం పొలం దారిలో ఒక సాయంత్రం చాలనుకుంటున్నాం. లోన్ తీసుకునే కుర్రాళ్లను ఇప్పుడు ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతున్నాను. "నేర్చుకునేదేముంది మేడం, వచ్చేసింది," అంటారు. వాళ్లమ్మ పక్కన కూర్చుని సంతోషంగా తలూపుతుంది.

శిక్షణ తీసుకుంటే చాలని నేను అనడం లేదు. 2010లో పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ అనే సంస్థవాళ్లు ప్రపంచవ్యాప్తంగా మోటార్‌సైకిల్ శిక్షణ మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూశారు. వాటి నాణ్యత అంతంతమాత్రమే కావడంతో ప్రమాదాలు తగ్గుతాయో లేదో తేల్చి చెప్పలేకపోయారు. ఇది చదివి నేను కొన్నాళ్లు కుదుటపడలేదు. బ్రేకు బాగా వేయగలనన్న ధీమాతో వేగం పెంచేవాడికి ఆ విద్య ఏం మేలు చేస్తుంది? అర్జునుడి సాధనలో నేను చూడని రెండో వైపు అది. చీకట్లో గురి కుదిరినవాడికి చీకట్లోకి పోవాలనే అనిపిస్తుంది.

తరగతిలో బ్రేకు తర్వాత నేర్పినవి అప్పుడు మళ్లీ గుర్తుచేసుకున్నాను. చౌరస్తా కనిపించగానే, ఎవరూ అడ్డం రాకముందే యాక్సిలరేటర్ వదిలి వేళ్లు బ్రేకు మీద పెట్టుకోవడం. ఆగి ఉన్న బస్సు పక్కనుంచి పోతున్నప్పుడు దాని ముందునుంచి ఒక పిల్లాడు పరుగెత్తుకొస్తాడనే అనుకోవడం. పావు కిలోమీటరు దూరానికైనా హెల్మెట్ పట్టీ బిగించడం. వీటిలో నైపుణ్యం ఏమీ లేదు, చూసేవాళ్లకు పిరికితనంలా కూడా ఉంటుంది. ఆ రెండు సెకన్లను అసలు రానివ్వకపోవడమే వీటి పని. ఇవి కూడా బ్రేకులాగే చేతికి ఎక్కాలి, రోజూ చేస్తేనే ఎక్కుతాయి. పరీక్ష పెట్టి మార్కులు వేయడం కష్టం కాబట్టి లైసెన్సు రోజు వీటిని ఎవరూ అడగరు. ఎనిమిది ఆకారంలో బండి తిప్పి, కాలు కింద పెట్టకపోతే చాలు.

బీదర్ నుంచి కలబురగి పోయే రోడ్డు, హైదరాబాద్ రోడ్డు కలిసేది మా ఊళ్లోనే. అందుకేనేమో ఆర్టీసీ డ్రైవర్ల శిక్షణ కేంద్రం కూడా ఇక్కడే ఉంది. బస్సు ఎక్కించే ముందు మనిషిని తీసుకొచ్చి, ట్రాక్ మీద నడిపించి, పరీక్షించి పంపుతారు. యాభైమంది ప్రాణాలు అతని చేతిలో ఉంటాయి కాబట్టి అది న్యాయం. బండి మీద ఉండేది ఒకడు, వెనక చెల్లెలో భార్యో. వాళ్లకూ అదే న్యాయం కావాలి. ఆదివారాల్లో ఒక పూట ఆ ట్రాక్‌లో కొంత జాగా, కొన్ని కోన్లు, కన్నడం తెలుగు రెండూ వచ్చిన ఇద్దరు నేర్పేవాళ్లు ఉంటే మొదలుపెట్టొచ్చు. ఈ మాటే అర్జీగా రాస్తున్నాను. మా బ్రాంచిలో లోన్ తీసుకున్న కుర్రాళ్లలో కొందరు సంతకం చేస్తామన్నారు, ఒకతని అమ్మ కూడా చేస్తానంది. ఆమెకూ బండి నేర్చుకోవాలని ఉందట.