శయ్యపై శివస్మరణము

పగలెల్ల పొలమున శ్రమించిన కాయకజీవి రాత్రి మేను వాల్చి పంచాక్షరిని స్మరింపసాగును. పదిమార్లు పలుకకమునుపే కనురెప్పలు వాలిపోవును. తెల్లవారిన పిదప అతనికి ఒక సందేహము కలుగును: రాత్రి తాను చేసినది ధ్యానమా, లేక శివనామమును నిద్రమందుగా వాడుకొనుటయా? నర్సంపేట సీమలో నాగలి పట్టినవానికైనను, అంగడి నడపువానికైనను ఈ సందేహము కలుగుట సహజమే.

ముందుగా శయ్య అపవిత్రమను శంకను విచారింతము. ఇష్టలింగము భక్తుని దేహమును విడువదు. మేల్కొనియున్నను, నిదురించుచున్నను అది అతని ఎదపైననే యుండును. లింగధారికి సూతకములు లేవని వీరశైవము ఘోషించుచున్నది. స్వామియే శయ్యపై తోడుగా నుండగా ఆయన నామమునకు అచట తావు లేదనుట యెట్లు పొసగును? పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన కుమ్మరి గుండయ్య కథయందు శివుడు కుండలు చేయు చోటికే వచ్చి నర్తించెను. భక్తికి చోటు అడ్డు కానేరదు.

అయినను ధ్యానమునకు ఎఱుక ప్రాణము. పతంజలి తన యోగసూత్రములయందు నిరోధింపదగిన ఐదు చిత్తవృత్తులలో నిద్రను ఒకటిగా లెక్కించెను. నేటి శాస్త్రజ్ఞులు మెదడులోని విద్యుత్తరంగములను కొలిచి, మెలకువనుండి నిద్రలోనికి జారువేళ ఆల్ఫా తరంగములు తగ్గి, మందగతి గల థీటా తరంగములు హెచ్చునని కనుగొనిరి. ఆ వేళ కండరములు సడలును. చిత్రమైన దృశ్యములు తోచును. ఒక్కొకమారు దేహము ఉలికిపడును. వీనిని శివసాక్షాత్కారమని భ్రమించుట తగదు. కావున ఆసీనుడై, ఎడమ అరచేత లింగమును నిలిపి చేయు పూజకు శయ్యపై స్మరణము బదులు కాజాలదు.

మరి దానికి తగిన పేరేమి? అర్పణమనుటయే యుక్తము. భక్తుడు అన్నమును లింగమునకు అర్పించి ప్రసాదముగా గ్రహించును. అట్లే గడచిన దినమును, దాని అలసటతో కూడ, శివునకు అర్పించి నిద్రను ప్రసాదముగా గ్రహింపవచ్చును. నామము నడుమ తెగిపోయినను అర్పణము చెడదు. ఇచ్చివేసిన పిమ్మట చేయి సడలుట సహజమే కదా!

అసలు ప్రమాదము వేఱొకచోట కలదు. పగలు మిర్చి తూకములో రైతును మోసగించిన వర్తకుడును, కూలి ఎగవేసిన ఆసామియును రాత్రి శివనామముతో హాయిగా నిద్రింపవచ్చును. అట్టివారి యెడ నామము అంతరాత్మకు జోలపాట యగును. అలసిన దేహము నిద్రించుటలో దోషము లేదు. మేల్కొనియుండవలసిన అంతరాత్మను నిద్రపుచ్చుట మహాదోషము. కల్యాణమున బిజ్జలుని కొలువులో ధనాగారమును చూచిన బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును బోధించెను. అన్యాయార్జితము దాసోహమునకు పనికిరాదు. అన్యాయముగా గడిపిన దినము మాత్రము అర్పణమునకు ఎట్లు పనికివచ్చును?

కాకతీయ గణపతిదేవుని కాలమున, 1213 ప్రాంతమున నిర్మితమైన పాకాల చెరువు నేటికిని ఈ సీమ పొలములను తడుపుచున్నది. తూము తెఱచినచో చెరువులో నిండిన నీరే కాలువలో పారును. రాత్రి స్మరణము అట్టి తూము వంటిది. పగటి నడవడియే చెరువు.

కావున భక్తుడు మేను వాల్చినంతనే నామమునకు తొందరపడరాదు. ఆనాడు ఎవరిని నొప్పించెనో, ఎవరికి బాకీ పడెనో ముందు తలచుకొనవలయును. దానిని తెల్లవారిన వెంటనే సరిదిద్దుదునని నిశ్చయించుకొని, పిదప పంచాక్షరిని స్మరించుచు నిశ్చింతగా నిద్రింపవలయును. ఉదయమున లేచి ఆ బాకీ తీర్చినవాని స్మరణమే నిద్రలో తెగిపోక నిలిచినది.