చారెడేసి కళ్ళు

పోయినవాళ్ళ కళ్ళు చారెడేసి అని మనకో సామెత ఉంది. ఉన్నన్నాళ్ళూ పిల్లికళ్ళని వెక్కిరించినవాళ్ళే, మనిషి కాస్తా పోగానే 'ఎంతలేసి కళ్ళమ్మా!' అంటూ కొంగుతో తమ కళ్ళు ఒత్తుకుంటారు. సామెత మనుషుల కోసమే పుట్టినా, కుక్కల విషయంలో దానికి ఇంకా బలం ఎక్కువని నాకనిపిస్తుంది. మనిషి పోతే చేసిన అప్పో, అన్న మాటో ఏదో ఒకటి వెనక మిగిలి, ఆ కళ్ళు మరీ పెద్దవి కాకుండా అడ్డుపడుతూ ఉంటుంది. కుక్క అలాంటివేమీ మిగల్చదు. అది కొరికిన చెప్పుల్ని కూడా ఎప్పుడో పారేసి ఉంటాం. ఇక మిగిలేవి దాని కళ్ళే.

ఆ కళ్ళు ఇల్లంతా పరుచుకుని ఉన్నప్పుడు, నాలుగు కాళ్ళమీదా సరిగ్గా నిలబడలేని ఓ కుక్కపిల్లని తెచ్చి అదే వరండాలో వదలొచ్చునా? అది పోయినదానికి ద్రోహం కాదా? ఇదీ ప్రశ్న. ఇదేం పెద్ద ప్రశ్న అని నవ్వేవాళ్ళు ఎప్పుడూ కుక్కని పెంచి ఉండరు.

అసలు మన భాషలోనే కుక్కకి మర్యాద తక్కువ. కుక్కబతుకు, కుక్కచావు అంటాం. తోక వంకర అని ఆడిపోసుకుంటాం. ఇన్ని తిట్లకీ కలిపి 'విశ్వాసం' అన్న ఒక్క మాట దాని చేతిలో పెట్టి సరిపెట్టుకోమంటాం. అందుకే కుక్క పోయినప్పుడు ఏడవడానికి కూడా మనకి మాటలు చాలవు. మనిషి పోతే ఒక పద్ధతుంది. ఏ రోజు ఎవరు రావాలో, ఏ రోజు కళ్ళు తుడుచుకుని పదిమందికీ వడ్డించాలో పెద్దలు ఏర్పాటు చేసి పెట్టారు. కుక్క పోతే అవేవీ లేవు. ఆఫీసులో సెలవడగలేం. పక్కింటావిడ "కళ్ళు ఎర్రబడ్డాయేం వదినగారూ?" అంటే, "ఉల్లిపాయలు తరిగాను" అని తప్పించుకుంటాం. నిజం చెబితే వచ్చే జవాబు మనకి ముందే తెలుసు: "కుక్కేగా! ఇంకోటి తెచ్చుకోండి."

ఇంకోటి! గిన్నె సొట్టపడితే ఇంకోటి. గొడుగు పోతే ఇంకోటి. మూడోరోజున ఈ మాట అన్నవాళ్ళ మీద ఒళ్ళు మండిపోతుంది. విచిత్రం ఏమిటంటే, మూణ్ణెల్లకో ఆర్నెల్లకో సరిగ్గా అదే మాట మన మనసే మనతో అంటుంది. మాటలో ఏమీ మార్పులేదు, అన్నవాళ్ళు మారారంతే. బయటినుంచి వచ్చినప్పుడు అది పోయినదాని విలువ తగ్గించే మాట. లోపలినుంచి వచ్చినప్పుడు, పెట్టే చెయ్యి ఊరికే ఉండలేక అడిగే మాట. కాబట్టి ఎన్నాళ్ళు ఆగాలి అన్న దానికి ఒకరి లెక్క మరొకరికి పనికిరాదు. కొందరికి వారం చాలు, కొందరికి రెండేళ్ళు చాలవు. వారంలో తెచ్చుకున్నవాళ్ళ ప్రేమ తక్కువదీ కాదు, రెండేళ్ళు ఆగినవాళ్ళది ఎక్కువదీ కాదు.

పశువైద్యులు మాత్రం ఒక లెక్క చెబుతారు. దానికీ మనసుకీ సంబంధం లేదు. పాత కుక్క పార్వో అనే అంటువ్యాధితో పోయి ఉంటే తొందరపడకూడదు. 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా పాకిన ఈ జబ్బు కుక్కపిల్లల పాలిట యముడు. రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం తీసేస్తుంది. దాని వైరస్ మట్టిలోనూ గచ్చుమీదా నెలల తరబడి, ఒక్కోచోట ఏడాది దాకా కూడా ఉండిపోతుంది. బ్లీచింగు నీళ్ళతో కడగాలి, మామూలు ఫినాయిలుకి అది లొంగదు. పిల్లలకి 6 నుంచి 8 వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. అవి పూర్తికాని పిల్లని అలాంటి ఇంట్లోకి తీసుకురాకూడదు. ఇదంతా నేను చెబుతుంటే మా అత్తగారు విని, "అంటే వాటికీ మైల ఉందన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మా ఇంట్లో గోపీ పదమూడేళ్ళూ, చిన్ని పదకొండేళ్ళూ బతికాయి. రెండూ వీధిలో పుట్టినవే. జబ్బులేం కాదు, ముసలితనంతోనే నాలుగు నెలల తేడాలో రెండూ వెళ్ళిపోయాయి. ఆ తర్వాత చాలారోజులు మావారు భోజనం చేసి లేస్తూ కంచంలో ఒక పెరుగన్నం ముద్ద అలాగే వదిలేసేవారు. పదమూడేళ్ళ అలవాటు. నేనేమీ అనకుండా కంచం తీసేసేదాన్ని. ఆ మరుసటి సంక్రాంతి దాటాక, మా అబ్బాయి కట్టుబడి జరుగుతున్న ఇంటిముందు ఇసకగుట్టలో రెండు కుక్కపిల్లలు చలికి వణుకుతున్నాయని, తల్లి రెండ్రోజులుగా కనబడ్డం లేదని, ఓ అట్టపెట్టెలో పెట్టుకుని తీసుకొచ్చాడు. మన వీధికుక్కలు ఎక్కువగా చలికాలంలోనే ఈనతాయి. వాటి పిల్లల్లో చాలావరకు ఏడాది నిండకుండానే పోతాయి. అట్టపెట్టెలోకి తొంగిచూసి మా అత్తగారు నన్నడిగారు: "మళ్ళీ ఏడవడానికా, అమ్మాయ్?"

ఆవిడ విసుగ్గా అడగలేదు. చిన్ని పోయిన రోజున అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆవిడే. అందుకే ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

ఆలోచిస్తే ఆవిడ లెక్క తప్పు కాదు. మామూలు కుక్క పదీ పదమూడేళ్ళు బతుకుతుంది. బాగా పెద్దజాతివైతే ఎనిమిదీ పదేళ్ళే. నలభై అయిదేళ్ళ ఆడది కుక్కపిల్లని ఒళ్ళోకి తీసుకుందంటే, తన యాభై ఏడో ఏటనో యాభై ఎనిమిదో ఏటనో రాబోయే ఏడుపుని కూడా ఇవాళే ఒళ్ళోకి తీసుకుందన్నమాట. తెలిసి తెలిసీ ఎందుకు? కానీ ఆ అడిగిన అత్తగారే ధనుర్మాసమంతా తెల్లవారుజామున లేచి, పాలవాడి సైకిలు చక్రం కింద పడి చెరిగిపోయే ముగ్గుని గంటసేపు పెట్టారు. సాయంత్రానికి ఉండదని తెలిసే పెట్టారు. ఉండదు కనుక పెట్టనంటే మన వాకిళ్ళలో ఒక్క ముగ్గయినా ఉండేదా?

ముగ్గుతో పోలిక చాలదనేవాళ్ళకి ఇంకో సంగతి చెబుతాను. ఋణానుబంధం ఉంటేనే గొడ్డయినా ఇంటికి చేరుతుందంటారు పెద్దవాళ్ళు. ఆ ఋణం తీర్చే పద్ధతి గమనించారా? తల్లి ఋణం తల్లికి తీర్చిన కూతురు ఎవరూ లేరు. తన పిల్లలకి తీరుస్తుంది. ఉరిమినప్పుడు మంచం కింద దూరే ప్రాణిని కసరకూడదని గోపీని చూసి నేర్చుకున్నాం. చాక్లెట్టూ, ద్రాక్షా, ఉల్లిపాయా కుక్కకి విషమని దాన్ని పెంచుతూనే తెలుసుకున్నాం. అన్నం మానేసి మూల కూర్చుంటే అది అలక కాదు జబ్బని చిన్ని చెప్పింది. ఇంత చదువు చెప్పి వెళ్ళాయే! ఆ చదువంతా వాటితోపాటే జామచెట్టు కింద పూడ్చిపెట్టాలా? ఇసకగుట్టలో వణికేదానికి ఉపయోగపడితే, గోపీకి అంతకన్నా తద్దినం ఏముంటుంది?

వయసు మాటొస్తే మాత్రం ఇంకో చిక్కుంది. నా తర్వాత దీన్నెవరు చూస్తారన్నది పెద్దవాళ్ళ ప్రశ్న. ఇంగ్లండు రాణి ఎలిజబెత్‌కి కూడా ఈ ప్రశ్న తప్పలేదు. 1944లో ఆమె పద్దెనిమిదో పుట్టినరోజుకి సూసన్ అనే కోర్గీ కుక్కని బహుమతిగా ఇచ్చారు. దాని సంతానాన్నే తరతరాలుగా పెంచుకుంటూ వచ్చింది. వయసు మీదపడ్డాక, తాను పోతే పసికూనలు దిక్కులేనివవుతాయని కొత్తవాటిని ఆపేసిందన్నారు. ఆ వంశంలో ఆఖరిది 2018లో పోయింది. 2021లో భర్త ఆసుపత్రిలో ఉండగా ఆమెకి రెండు పిల్లల్ని తెచ్చి ఇచ్చారు. ఏప్రిల్‌లో భర్త పోయాడు. మేలో ఆ రెండింటిలో ఒకటి పోయింది. అయినా జూన్‌లో మరో కోర్గీపిల్ల వచ్చింది. అప్పటికామెకి 95 ఏళ్ళు. 2022 సెప్టెంబరులో ఆమె కన్నుమూశాక ఆ రెండూ రెండో కొడుకు ఇంటికి చేరాయి. రాణిగారికైతే చూసేవాళ్ళుంటారు, మనకెవరున్నారు అంటారేమో. నిజమే. అందుకే పెద్దవయసులో తెచ్చుకునేవాళ్ళు ముందే ఒకర్ని అడిగి, ఒప్పించి, మాట తీసుకుని తెచ్చుకోవాలి. అది కుదరకపోతే, పసిపిల్ల బదులు ఇల్లులేని ఏ ఎనిమిదేళ్ళ కుక్కకో పట్టెడన్నం పెట్టొచ్చు. దానికీ కావలసింది అదే.

ఇక ద్రోహం సంగతి. ఇందులో తీర్పు చెప్పడానికి నాకంటే పెద్దవాళ్ళున్నారు. మహాభారతం చివర్లో ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికి రానన్న కథ మనందరికీ తెలుసు. దాని మధ్యలో ఒక చిన్న సంభాషణ ఉంది. దాన్ని మనం అంతగా పట్టించుకోం. తమ్ముళ్ళనీ, ద్రౌపదినీ దారిలో వదిలేసి వచ్చావుగా, ఈ కుక్కని వదలడానికేం అని ఇంద్రుడు నిలదీస్తాడు. పోయినవాళ్ళని నేను బతికించలేను, వాళ్ళు పోయాకే వదిలాను, బతికుండగా వదల్లేదు అంటాడు ధర్మరాజు. నన్ను నమ్ముకుని బతికున్నదాన్ని మాత్రం వదలనంటాడు. చూశారా, ఆయన లెక్కలో పోయినవాళ్ళ మీద ప్రేమా, బతికున్నదాని మీద బాధ్యతా ఒకదానికొకటి అడ్డు రావు.

అదే భారతం మొదట్లో మరో కుక్క ఉంది. జనమేజయుడి యాగశాలలోకి ఓ కుక్కపిల్ల వస్తుంది. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని కొట్టి తరుముతారు. దాని తల్లి సరమ దేవతల కుక్క. తిన్నగా రాజు దగ్గరికే వచ్చి, నా బిడ్డ హవిస్సు ముట్టలేదు, కన్నెత్తి చూడలేదు, ఏం తప్పు చేసిందని కొట్టారని అడుగుతుంది. జవాబు చెప్పేవాళ్ళు లేరు. అనుకోని భయం వచ్చిపడుతుందని శపించి వెళుతుంది. వెతికి చూస్తే, నమ్ముకున్నదాన్ని విడవొద్దన్న ధర్మం ఎంతో, వచ్చినదాన్ని అకారణంగా కొట్టొద్దన్న ధర్మమూ అంతే.

మనం కర్రతో కొట్టంలెండి. పోల్చి కొడతాం. మా వీధి చివర ఒకావిడ తెల్ల పామరేనియన్ పోతే సరిగ్గా అలాంటిదే తెచ్చి, పాత పేరే పెట్టింది. ఇక ఆ పసిదాని పాట్లు ఏం చెప్పమంటారు! "అది ఇలా అరిచేది కాదు. అది ఇంత పేచీ పెట్టేది కాదు. అది చెబితే వినేది." పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఇదే. రెండోపెళ్ళివాడి ఇంటికి కాపురానికొచ్చిన పిల్ల గుర్తొచ్చింది నాకు. గోడమీద దండ వేసిన ఫోటో. ఏ కూర వండినా "ఆవిడ చేతి రుచి వేరు" అన్న మాట. ఆ పిల్ల గెలవలేదు, ఎందుకంటే అవతలి మనిషికి ఇక ఎప్పుడూ కూర మాడదు.

పేరు పెట్టుకోవడం తప్పని నేననను. తాతగారి పేరు మనవడికి మనమూ పెట్టుకుంటాం. అయితే ఆ మనవడు పుడుతూనే పొడుంకాయ అడుగుతాడని ఎవరూ ఎదురుచూడరు. పైగా మామగారి పేరు నోటితో అనకూడదని కోడలు ఆ పిల్లాణ్ణి బుజ్జి అనో, చంటి అనో పిలుచుకుంటుంది. దాంతో పెద్దాయన పేరు నిలుస్తుంది, పిల్లాడికి తన పేరు తనకి దొరుకుతుంది. మర్యాద కోసం చేసిన ఏర్పాటైనా, అందులో ఎంత తెలివుందో చూడండి. అదే పుట్టిందండీ, అవే కళ్ళు అని కొందరు పునర్జన్మ మాట తెస్తారు. కావచ్చు. కాకపోతే మళ్ళీ పుట్టినవాళ్ళు కూడా మళ్ళీ కొత్తగా పెరగాల్సిందే, మళ్ళీ చెప్పులు కొరకాల్సిందే.

మా రెండింటికీ పేర్లు మా అత్తగారే పెట్టారు, ఇసకమ్మ, రాళ్ళమ్మ అని. ఇసకమ్మకి పెరుగన్నం పడదు, గోపీకి అదే ప్రాణం. రాళ్ళమ్మ ఉరుములకి భయపడదు సరికదా, ఆకాశంకేసి తిరిగి తనే ఎదురు మొరుగుతుంది. ఏ ఒక్క అలవాటూ కలవనందుకు మొదట్లో ఇంట్లో అందరికీ చిన్న వెలితిగా ఉండేది. ఇప్పుడు అలా కలవకపోవడమే మేలనిపిస్తోంది. గోపీ చోటు గోపీకే ఉంది. వీటికి వేరే చోటు దొరికింది. ఉన్న చోటే పంచుకోవాలనుకున్నన్నాళ్ళే ఇరుకు.

మీ ఇంట్లోనూ ఇలాంటి మాట నడుస్తుంటే, పాత బెల్టు మేకుకి అలాగే ఉండనివ్వండి. ఎక్కడో పెట్టె అడుగున దాచెయ్యక్కర్లేదు. అలాగని కొత్తదాని మెడకి కట్టనూ వద్దు, ఎలాగూ వదులై జారిపోతుంది. దాని మెడ కొలత చూసి ఓ చిన్న బెల్టు కొనండి. మూణ్ణెల్లు తిరక్కుండా అదీ బిగుతైపోతుంది. అప్పుడు ఇంకోటి కొందురుగాని.