ఆ ఆసుపత్రి పేరు

జగదల్‌పూర్‌లో కూలి చేసుకుని బతికే తెలుగు కుటుంబం అది. రెండేళ్ల పాప. పాలు తాగినా ఆయాసం, నెలకోసారి జ్వరం, దగ్గు. బరువు పెరగడం లేదు. అంగన్‌వాడీకి వచ్చిన చిరాయు బృందం గుండె చప్పుడు విని అనుమానపడింది. ఎకోలో రంధ్రం కనిపించింది, పెద్దదే. ఆపరేషన్ చెయ్యాలి, ఇక్కడ కాదు అన్నారు.

తండ్రి దీక్ష తీసుకున్నవాడు. మా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగాడు. "అన్నా, నయా రాయ్‌పూర్‌లో ఉచితంగా చేస్తారంట. కానీ అది బాబా పేరు మీద ఉన్న ఆసుపత్రి. ప్రతిజ్ఞలు చెప్పిన నోటితో బిడ్డను అక్కడికెట్టా తీసుకుపోయేది?"

ఆయన అన్నది శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి గురించి. 2012లో మొదలైంది. పిల్లల గుండె ఆపరేషన్లకు పైసా తీసుకోదు.

ఆయన ఇబ్బంది మాకూ ఇబ్బందే అయింది. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ చెప్పించిన 22 ప్రతిజ్ఞల్లో నాలుగోది అవతారాలను నమ్మననేది. అందుకే మేము సులువైన దారి వెతికి, వేరే పట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపాం. అక్కడ పాపను సరిగా చూడకముందే అడ్వాన్సు అడిగారు. చెప్పిన మొత్తం వాళ్లు జన్మలో కూడబెట్టలేనిది. తిరిగొచ్చారు. రెండు నెలలు పోయాయి, ఈలోగా పాపకు న్యుమోనియా వచ్చింది. పెద్ద రంధ్రాన్ని అలాగే వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, ఒక దశ దాటాక ఆపరేషన్ కూడా పనికిరాదు. ఆ రెండు నెలలు పోయింది మా మొహమాటం వల్లే.

ప్రతిజ్ఞ చేసింది తండ్రి. రంధ్రం పాప గుండెలో ఉంది. తన నిష్ఠకు ఇంకొకరి ప్రాణాన్ని, అదీ అవునూ కాదూ చెప్పలేని పసిదాని ప్రాణాన్ని, ఒడ్డే హక్కు ఎవరికుంది? నాలుగో ప్రతిజ్ఞ నమ్మకం గురించి చెబుతుంది, వైద్యం గురించి కాదు. సకల ప్రాణుల మీద కరుణ చూపి కాపాడతానన్న పదమూడోది కూడా ఆ నోటితోనే చెప్పాం కదా!

కేసపుత్తంలో కాలాములకు బుద్ధుడు చెప్పింది పేరును బట్టి, పరంపరను బట్టి దేన్నీ నమ్మొద్దనే. పేరును బట్టి తోసెయ్యడం మాత్రం పరీక్ష ఎలా అవుతుంది? అడగవలసినవి వేరే ఉన్నాయి. ఇంత చిన్న పిల్లలకు ఇక్కడ ఎన్ని ఆపరేషన్లు చేశారు? తర్వాత చూసుకునే ఐసీయూ పిల్లలదేనా? రక్తం ఎవరు తేవాలి? తల్లి ఎక్కడ పడుకుంటుంది? చెకప్‌కు ఎన్నిసార్లు 300 కిలోమీటర్లు బస్సెక్కాలి? జీవకుడు ఒక శ్రేష్ఠి కొడుకు పొట్ట కోసి, మెలిపడ్డ పేగును అతని భార్యకు చూపించాడని వినయపిటకం చెబుతుంది. సంతకం పెట్టేవాళ్లకు జబ్బేమిటో చూపించాలన్నది ఈనాటి చట్టమొక్కటే చెప్పింది కాదు.

మాలో ఒక మిత్రుడు ఒప్పుకోలేదు. ఉచిత అన్నం, ఉచిత మందు వెనకే భక్తి వస్తుంది, మన జనం అలాగే పోయారన్నాడు. ఆ మాటలో నిజముంది. వైద్యం హక్కు అని రాజ్యాంగం 21వ అధికరణం కింద 1996లోనే సుప్రీంకోర్టు అన్నా, బస్తర్ బిడ్డ దాత గడప తొక్కాల్సి రావడం ప్రభుత్వం సిగ్గుపడాల్సిన విషయం. కానీ మన మాటేమిటి? దల్లీరాజహరాలో ఇనుపగని కార్మికులు సొంత చందాలతో 1983లో షహీద్ ఆసుపత్రి తెరిచారు. మనం విగ్రహాలు పెట్టాం, విహారాలు కట్టాం.

తండ్రి వెళ్లాడు. ఆపరేషన్ అయింది. వార్డు నుంచి ఫోన్ చేసి, "అన్నా, నేను తప్పు చేశానా?" అని మళ్లీ అడిగాడు. పాప పాలు తాగుతోందా అని అడిగాం. ఆయాసం లేకుండా తాగుతోందన్నాడు. మా మిత్రుడు ఇప్పటికీ ఒప్పుకోలేదు. పాప చెకప్‌కు బస్సు ఛార్జీలు మాత్రం ఆయనే ఇస్తున్నాడు.