కంపూ, ఇంపూ

తెలుగులో ‘వాసన’ అన్నమాట చిత్రమైంది. మల్లెపూలకీ అదే మాట, మురిక్కాలవకీ అదే మాట. అది చాలదన్నట్టు, పూర్వజన్మ నుంచి మనిషిని అంటిపెట్టుకుని వచ్చే సంస్కారాలను కూడా వేదాంతులు వాసనలనే అన్నారు. పూర్వజన్మ సంగతి నాకు తెలీదు గానీ, ఈ జన్మలో పుట్టిన ఇల్లూ, పెరిగిన వాడా, కులమూ, జేబూ కలిసి ముక్కుకి నేర్పిన పాఠాలు మాత్రం ఓ పట్టాన వదలవు. ఈ ముక్క నాకు బోధపడింది లండన్‌లో, ఒక చీజ్ దుకాణంలో.

మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, స్పెయిన్ దేశపు సరుకులమ్మే కొట్టుకి తీసుకెళ్ళాడు. అద్దాల వెనక నీలి మచ్చలు పడ్డ గడ్డ ఒకటుంది. పేరు కబ్రాలెస్. కొట్టాయన గోరంత ముక్క కోసి, ప్రసాదం పెట్టినట్టు కాగితమ్మీద పెట్టి ఇచ్చాడు. ముక్కు దగ్గరికి రాగానే వానాకాలంలో ఆరని మేజోళ్ళు, పశువుల కొట్టం, పాత పచ్చడి జాడీ, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ధైర్యం చేసి నోట్లో వేసుకున్నాను. ముందు ఉప్పు, వెనకే పులుపు, ఆపైన నాలిక మీద సూదులు గుచ్చినట్టు ఘాటు. పక్కన దొరలూ దొరసానులూ కళ్ళు అరమోడ్చి తలలూపుతున్నారు.

“ఎట్లుంది బాపూ?” అన్నాడు మావాడు.

“ఎండుచాపల అంగడి లెక్కనే ఉందిరా” అన్నాను.

వాడు గబగబా చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. అక్కడ తెలుగొచ్చినవాళ్ళం మేమిద్దరమే. అయినా చూశాడు. నేను రెండో ముక్క అడిగాను. నిజం చెప్పొద్దూ, రెండోది బాగుంది.

ఆ చీజ్ కథ తర్వాత తెలుసుకున్నాను. స్పెయిన్ ఉత్తరాన అస్తూరియాస్ అనే కొండసీమ దాని పుట్టిల్లు. ఆవు పాలతో చేస్తారు. మేకపాలో గొర్రెపాలో దొరికితే కలుపుతారు. తర్వాత సున్నపురాతి గుహల్లో, చల్లగా చెమ్మగా ఉండే చోట నెలల తరబడి మగ్గబెడతారు. బూజు దానంతటదే పట్టి లోపలికి పాకుతుంది. అదే దాని రంగు, అదే దాని ఘాటు. ఒకప్పుడు ఆకుల్లో చుట్టేవారు. 2023లో పోటీలో గెలిచిన గడ్డ, రెండు కిలోల పైచిలుకు అంతే, వేలంపాటలో 30,000 యూరోలు పలికింది. సుమారు 27 లక్షల రూపాయలు!

మరో సంగతి మా బొగ్గు జనానికి నచ్చుతుంది. అస్తూరియాస్ బొగ్గుసీమ కూడా. 1934 అక్టోబరులో అక్కడి గని కార్మికులు తిరగబడితే సైన్యాన్ని దింపి అణిచారు. 2018 చివరికల్లా స్పెయిన్ బొగ్గుబాయిలు దాదాపు అన్నీ మూతపడ్డాయి. చీజ్ గుహలు మాత్రం నడుస్తున్నాయి.

ఇక మా ఊరు. 1889లో ఇల్లెందు దగ్గర మొదలైన సింగరేణి బొగ్గుకి నూరేళ్ళయిన గుర్తుగా పేరు పెట్టుకున్నది మా సెంటినరీ కాలనీ. మా వరసలో బాయిపని చేసే ఒకాయన కుటుంబం ఉంది. ఆయన భార్య చింతచిగురులో ఎండురొయ్యలు వేసి వండిందంటే వీధి చివరిదాకా తెలిసిపోతుంది. ఆ పక్కింట్లో ఆఫీసు ఉద్యోగం చేసే పెద్దమనిషి ఉన్నారు. ఓనాడు ఆయనగారి ఇల్లాలు వచ్చి, “మీరు అది వండే రోజు ముందే చెప్పండి, చదువుకునే పిల్లలున్న ఇల్లు” అనేసి వెళ్ళింది. ఎండురొయ్యలకీ పిల్లల చదువుకీ లంకె ఏమిటో నాకిప్పటికీ అంతుపట్టలేదు. అప్పట్నుంచీ వాళ్ళు ఊరెళ్ళిన రోజు చూసుకుని ఈమె వండుకుంటుంది. కాలేజీకెళ్ళే కూతురు ఆ కూర డబ్బాలో పెడితే ముట్టనంటుందట.

నాకు బాధనిపించేది ఆ పిల్ల సంగతి. పాలు మిగిలితే పాడవకుండా కొండజనం కనిపెట్టిన ఉపాయం చీజ్. చేపలు మిగిలితే పాడవకుండా రేవుజనం కనిపెట్టిన ఉపాయం ఎండుచేప. రెండింటికీ పెట్టుబడి ఉప్పూ, ఓపికా. ఒకటి అద్దాల బీరువాలోకి ఎక్కింది, ఇంకోటి ఆ పిల్లకి సిగ్గయి కూర్చుంది. అంతెందుకు, పక్కింటి ఇల్లాలు పులిహోరలో వేసే ఇంగువ ఘుమఘుమ ఉందే, దానికి జర్మన్లు పెట్టుకున్న పేరు ‘సైతాను పెంట’!

2005లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ఒక తమాషా ప్రయోగం చేశారు. ఒకే వాసన చూపించి, ఒకసారి ‘చెడ్డర్ చీజ్’ అనీ ఇంకోసారి ‘ఒంటి వాసన’ అనీ పేరు తగిలించారు. చీజ్ అన్నప్పుడు అదే వాసన జనానికి ఎక్కువ ఇంపుగా తోచింది. నోటిమాటలోనే కాదు, మెదడు స్కానింగులోనూ తేడా కనిపించింది. అంటే ముక్కు వాసన చూసే వేళకే పేరు తన పని చేసేస్తోందన్నమాట.

ఆ పేరు మనుషులకీ అంటుతుంది. ఇంగ్లండు బొగ్గుగనుల సీమలో 1936లో తిరిగి వచ్చిన జార్జి ఆర్వెల్, మరుసటేడు వెలువడ్డ ‘ది రోడ్ టు విగన్ పియర్’లో ఈ సంగతి దాచకుండా రాశాడు. కూలిజనం ఒళ్ళు వాసనేస్తుందని తనలాంటి ఇళ్ళ పిల్లలకి చిన్నప్పుడే నూరిపోశారట. మిగతా భేదాలు వాదించి పోగొట్టొచ్చు గానీ, ఒంటికి పట్టిన ఏవగింపుతో వాదించడం కష్టమని ఆయన బాధ.

అయితే ముక్కుని బొత్తిగా నమ్మొద్దా? మా బాయిలో ఆ మాటంటే నవ్వుతారు. బొగ్గు లోలోపల తనంతట తను వేడెక్కి రాజుకునే ముందు చెమట కంపులాంటిది కొడుతుంది, ముదిరితే పెట్రోలు వాసన. అనుభవమున్న ముక్కు పసిగడుతుంది. కానీ ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే లేదు. మీథేన్‌కీ లేదు. రొయ్యలకి అంత గోల చేసిన ముక్కు దాని దగ్గర నోరెత్తదు. అందుకే ఇంగ్లండు గనుల్లో పూర్వం పంజరాల్లో పిట్టల్ని దింపేవారు.

నాకేమనిపిస్తుందంటే, ఇష్టం లేకపోవడం ఎవరి సొంతం వారిది. పక్కింటివారు కిటికీ మూసుకోవచ్చు, అగరొత్తి వెలిగించుకోవచ్చు, తినమంటే తిననూ వచ్చు. ఎదుటివాళ్ళ పొయ్యి ఆర్పించే హక్కూ, వాళ్ళ సంస్కారానికి మార్కులేసే హక్కూ ఆ ముక్కుకి ఎక్కణ్ణించి వచ్చాయి? పొగ వస్తే దగ్గొస్తుంది, పిల్లలకి పడదు. అది వేరే లెక్క, కూర్చుని మాట్లాడుకోవాలి. ఎండురొయ్యలకి దగ్గెవరికీ రాలేదు.

లండన్ నుంచి వచ్చాక ఈ కబురంతా ఆ బాయిపనివాళ్ళ ఇల్లాలికి చెప్పాను. బూజు పట్టిందనీ, గుహలో పెడతారనీ అంటే చెంగు మూతికి అడ్డం పెట్టుకుని వింది.

“మరి గట్ల కంపు గొడితే పక్కింటోళ్ళు ఊకుంటరా సారూ?” అంది.

“ఊకుండుడేందమ్మా, పాట పెట్టి 27 లక్షలకు కొన్నరు” అన్నాను.

ఆమె కాసేపు నా మొహం వంక చూసి, కూతుర్ని కేకేసింది. “ఏమే, ఇన్నవా? సారు గీ ముచ్చట మల్లొక్కపారి చెప్తడు, ఇటు రా.”