కాడి దించు దినము

బసవేశ్వరుని బోధలో కాయకమునకు గల స్థానము ఎరుగని శరణుడు ఉండడు. పన్నెండవ శతాబ్దమున కళ్యాణ పట్టణమునందు బిజ్జలుని కొలువులో ఉన్నత పదవి నధిష్ఠించిన ఆ మహనీయుడు చెప్పులు కుట్టువానిని, పడవ నడుపువానిని, త్రాళ్లు పేనువానిని అనుభవ మంటపమున సమానముగా కూర్చుండబెట్టెను. చేతిపనిని పూజ స్థానమున నిలిపెను. ఆ బోధ విన్నవారిలో కొందరు తీసిన అర్థము మాత్రము వింతగా నున్నది. పనియే పూజ యగుచో ఎంత పని చేసిన అంత పుణ్యమనియు, పని మానిన దినము పాపదినమనియు వారి తలంపు. పని చేయువారి నోటికంటె చేయించుకొనువారి నోట ఈ మాట తరచుగా వినవచ్చుట గమనింపదగినది.

ఈ తలంపునకు ఆయ్దక్కి మారయ్య కథయే సమాధానము. బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట అతని కాయకము. ఆ గింజలతోనే ఇల్లు గడచును, జంగమార్చనయు జరుగును. ఒకనాడు శరణుల గోష్ఠిలో మునిగి అతడు పని సంగతి మరచెను. భార్య లక్కమ్మ, కాయకము నిలిచిపోయినదని గుర్తుచేసి పంపెను. ఇంతవరకు అందరును చెప్పుదురు. తరువాతి భాగము చెప్పువారు తక్కువ. మారయ్య వెడలి, నిత్యము తెచ్చుదానికంటె మిక్కుటముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత యెందులకు తెచ్చితివని నిలదీసి, ఎక్కువైన గింజలను ఎచ్చటనుండి తెచ్చెనో అచ్చటనే పోసి రమ్మనెను. సోమరితనమును సహింపని ఆ యిల్లాలే అత్యాశనును సహింపలేదు. కాయకమునకు ఒక ఎల్ల కలదు. ఆ ఎల్ల దాటిన శ్రమ తనకొరకు గాక, ఆశ కొరకు చేయు చాకిరి యగును. గింజలకు ఎల్ల యున్నపుడు గంటలకు ఉండకుండునా?

శివభక్తులు ఈ ఎల్లను పశువునకు సైతము ఇచ్చిరి. బసవ శబ్దము వృషభ శబ్దమునుండి వచ్చినదే. కన్నడ సీమలో లింగధారులైన రైతులు సోమవారమునాడు ఎద్దు మెడపై కాడి పెట్టకుండుట తరతరాల ఆచారము. తెలుగునాట కమ్మరి, వడ్రంగి, కంసాలి అమావాస్యనాడు పనిముట్లు ముట్టకుండుటయు ఇట్టిదే. కనుక పనికి సెలవను మాట దొరలతో వచ్చిన అలవాటనుట సగము నిజము మాత్రమే. ఆదివారపు సెలవు వారివెంట వచ్చినను, కాడి దించుట ఈ నేలకు పాతది.

సిరిసిల్లకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున నున్న వేములవాడలో రాజన్నకు చెల్లించు కోడెమొక్కు చూడని వారు ఈ ప్రాంతమున అరుదు. జగిత్యాలనుండి, కోరుట్లనుండి కుటుంబములు తరలి వచ్చును. సోమవారమునాడు జనము మరియు కిక్కిరియును. మొక్కుకొన్నవారు కోడెను పట్టుకొని ప్రదక్షిణము చేసి, దేవుని పేర కట్టివేయుదురు. పొలమున నాగలి లాగవలసిన జీవి అచ్చట ఏ బరువును లాగదు. మనిషియే త్రాడు చేతబట్టి దాని అడుగులకు తగినట్లు నడచును. ఆ కొద్దిసేపైనను యజమాని యెవరో, సేవకుడెవరో తారుమారగును. జగిత్యాల చుట్టుపట్ల వరి పొలములలోను, పసుపు చేలలోను ఇప్పుడు ఎద్దు తగ్గి ట్రాక్టరు పెరిగినది. ట్రాక్టరుకు సోమవారము లేదు. ఎద్దుకు ఒకనాడుండిన సెలవు, దానిని నడుపు మనిషికి సంక్రమింపనే లేదు.

మిల్లుల చరిత్రలోను శివుని పేరు తారసిల్లుట విశేషము. బొంబాయి మిల్లు కార్మికుల సంఘమును 1884లో స్థాపించిన నారాయణ మేఘాజీ లోఖండే వారమున కొకనాడు సెలవు కావలెనని యేండ్ల తరబడి పోరాడెను. ఆదివారము ఖండోబా దేవుని వారమని అతడు చూపిన కారణములలో నొకటి. ఖండోబా శివుని రూపమే. మన మల్లన్నకు తోబుట్టువు వంటివాడు. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారపు సెలవునకు సమ్మతించిరి. కరీంనగరు సీమనుండి ఎందరో నేతగాండ్రు బొంబాయికి, భివండికి, షోలాపురమునకు వలసపోయిరి. భివండిలో మరమగ్గపు పని నేర్చి తిరిగి వచ్చినవారు సిరిసిల్లలో సాంచాలు నడిపిరి.

చట్టములు తరువాత వచ్చినవి. పరిశ్రమలలో వారాంతపు విశ్రాంతిని గూర్చిన 1921నాటి అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశము 1923లో ఆమోదించెను. 1948నాటి ఫ్యాక్టరీల చట్టము వారమున కొక సెలవు నియమించెను. 1966నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము కార్ఖానాను వారమున కొకనాడు పూర్తిగా మూయవలెననెను. ఆకు తడుపుట కొక్కదానికే మినహాయింపు నిచ్చెను. 2025 నవంబరు 21నుండి ఆ పాత చట్టముల స్థానమున కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. వారమున ఆరు దినములకు మించి పని చేయింపరాదని అవియు చెప్పుచున్నవి. చట్టము కార్ఖానా తలుపునకు తాళము వేయింపగలదు. ఇంటి అరుగుకు తలుపెక్కడిది?

కోరుట్ల వాడలలో బీడీలు చుట్టు తల్లుల పని ఆ అరుగుమీదనే సాగును. చేట ఒడిలో నుండును. తునికాకు కత్తిరించుట, తంబాకు వేసి చుట్టుట, దారము కట్టుట, మడచుట, కట్టలు పేర్చుట. నడుమ పొయ్యి మీద అన్నము, పక్కన బిడ్డ. కూలి వేయి బీడీల లెక్కన వచ్చును గనుక, చేయి ఆగిన నిమిషము కూలి ఆగిన నిమిషమే. ఇంటి మగవానికి ఆదివారము వచ్చెనేని ఆమెకు వంట రెట్టింపగును. సెలవు ఇంటిలోనికి వచ్చి మగవానివద్దనే నిలిచిపోవుట శరణ ధర్మమునకు సరిపడదు. అనుభవ మంటపమున అక్క మహాదేవికి, లక్కమ్మకు పీఠమిచ్చిన మతము ఇది.

ఇక కొందరు వేరొక మాట చెప్పుదురు. బీడీ కంపెనీలు నెలలో కొన్ని దినములే ఆకు ఇచ్చుచున్నవి గదా, మిగిలినవన్నియు విశ్రాంతియే గదా యని. సిరిసిల్లలోను ఇట్లే అనువారు కలరు. 2017నుండి కొన్నియేండ్లు ప్రభుత్వపు బతుకమ్మ చీరలకై సాంచాలు రాత్రింబవళ్లు నడచినవి. ఆర్డరు లేని నెలలలో అవే సాంచాలు మూగవోయినవి. పని యున్నపుడు పండ్రెండు గంటల పాళీ, చెవులు దిబ్బళ్లు పడు చప్పుడు, తెగిన పోగుకై ఒక సాంచమునుండి మరియొక సాంచమునకు పరుగు. పని లేనపుడు చేబదుళ్లు. ఆ రెండవదానిని విశ్రాంతి యనుట మాటను అవమానించుటయే. ఆకలితో కూర్చున్నవానికి నిద్రయు పట్టదు. విశ్రాంతి యనగా రేపు పని యున్నదని తెలిసి, నేటి కూడు సమకూడియుండి, తన యిచ్ఛచే చేయి ఆపుట. పని పోయిన దినము ఇందుకు పూర్తిగా వ్యతిరేకము. ఎడ్లకొట్టమున గడ్డి వేసి కట్టిన ఎద్దు వేరు, గడ్డి లేక బయటికి తోలిన ఎద్దు వేరు.

కావున సెలవు తీసికొనుమని కూలివానికి మాత్రమే బోధించుట చాలదు, న్యాయమును కాదు. మీటరు లెక్కన, వేయి లెక్కన కూలి పొందువాడు సెలవు తీసికొన్నచో ఆనాటి కూడు పోవును. బోధ మొదట ఆసామికి, సేటుకు, టేకేదారుకు చెందవలెను. దాసోహమనగా జంగమునకు అన్నము పెట్టుట మాత్రమే కాదు. తన ఆర్జనలో ఇతరుల శ్రమ భాగమెంతయో గుర్తెరిగి, ఆ భాగమును తిరిగి వారికి సమర్పించుట. వారమునకు ఒకనాటి కూలిని సెలవుతో కూడ ఇచ్చుట దాసోహములో చేరును. 1966నాటి చట్టమే సెలవు దినమునకును సగటు కూలి చెల్లింపవలెననెను. చట్టము అడిగినదానికంటె తక్కువ ఇచ్చు శివభక్తుడు పూజలో ఎంత బిల్వము వేసిన నేమి? ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును.

ఒక్క ఆసామి తన సాంచాలు ఆపి, పక్కవాడు నడుపుచుండినచో ఆపినవాడు నష్టపడును. ఇది నిజమైన చిక్కు. ఊరంతయు ఒకేనాడు ఆపినచో ఎవరికిని ఎవరిమీదను పైచేయి ఉండదు. ఆ దినము సోమవారము కావలెనా, బడి పిల్లలు ఇంట నుండు ఆదివారము కావలెనా యని తగవులాడ నక్కరలేదు. రాజన్న మొక్కు గలవారికి సోమవారము అనుకూలమగును. పిల్లలతో ఒక పూట గడపగోరువారికి ఆదివారము. ఇండ్లలో మాత్రము నియమము మరింత స్పష్టముగా నుండవలెను. ఆనాడు చేట గోడకు ఆన్చియుండవలెను. నీరు తోడుట, పొయ్యి ముట్టించుట మగవారి కాయకము కావలెను. మరుసటి దినమునకు ఆకు తడుపుట తప్పనిసరి యైనచో, చట్టమిచ్చిన ఆ మినహాయింపును కూడ ఆనాడు కొడుకో భర్తయో నెరవేర్చవచ్చును.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారి యిండ్లలో ఈ చిక్కు మరియొక రూపమున కనబడును. ఆ దేశములలో పెక్కింట శుక్రవారము సెలవు. ఎండలో కట్టడపు పనులు చేయువాడు ఆనాడు బట్టలుతుకుకొని, తలంటుకొని, మధ్యాహ్నమునకు ఇంటికి ఫోను చేయును. కోరుట్లలో అతని భార్య ఫోనును చెవికి, భుజమునకు నడుమ నొక్కిపట్టి మాటలాడును. పిల్లల చదువు, అప్పు వడ్డీ, అత్తగారి మోకాళ్ల నొప్పి అన్నియు చెప్పును. అరగంట మాటలు ముగియునప్పటికి ఆమె ఒడిలోని చేటలో ఒక కట్ట బీడీలు సిద్ధమై యుండును.