కర్మ, బుద్ధి, వార్ధక్యము

చిత్తూరు నుండి బెంగుళూరు పోవు రాజమార్గము మీది బంగారుపాళ్యము చుట్టుపట్ల మామిడితోటలు ప్రబలి చెఱకు పూర్వమున్నంత లేదు గాని, బెల్లపు పొయ్యిలు బొత్తిగా చల్లాఱలేదు. గానుగ రసము పెనములో మరుగుచుండగా సున్నపుతేట పోసి, పైకి పొంగిన తెట్టెను తీసివేయుచు, పిప్పిమంటను ఒకప్పుడు ఎగదోయించుచు ఒకప్పుడు తగ్గించుచు, పాకమును చల్లని నీటిలో చుక్కగా విడిచి వ్రేళ్లతో ఉండచేసి చూచి, పెనము దించవలసిన క్షణమును నిర్ణయించు ముదుసలి అచ్చట నేటికిని కనబడును. తొందరపడినచో బెల్లము గట్టిపడదు. జాగు చేసినచో మాడి నల్లబడును. రసము నిన్నటిది కాదు, చెఱకు నిన్నటి పొలముది కాదు, పిప్పి నేడు తడియో పొడియో. కావున నిన్నటి నిర్ణయము నేడు చెల్లదు. డెబ్బది దాటిన అట్టివాని ధారణను, లెక్కను, మాటలోని సూటిదనమును చూచినవారికి ఒక సందేహము కలుగక మానదు: బుద్ధి చురుకైనది గనుక ఈ పని అబ్బినదా, ఈ పని చేసినాడు గనుక బుద్ధి మొక్కవోలేదా?

ఈ ప్రశ్న వైద్యునిది మాత్రమే కాదు, వేదాంతిది గూడ. మనవారు మనోబుద్ధులను ఆత్మలో చేర్చక, అంతఃకరణమని పేరిడి, ప్రకృతికార్యములుగా లెక్కించిరి. ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారుడగు శ్వేతకేతుని 15 దినములు నీరు మాత్రమే త్రాగి యుండుమని, పిమ్మట వేదము చెప్పుమనగా, 12 ఏండ్లు గురుకులమున చదివినవాడు ఒక్క ఋక్కునైన స్మరింపలేకపోయెను. భుజించిన వెనుక సర్వమును జ్ఞప్తికి వచ్చెను. మనస్సు అన్నమయమని తండ్రి చూపిన నిదర్శన మిది. పట్టెడన్నము లేక వేదమునే మఱచు మనస్సు, నలువదేండ్లు తాను చేసిన పనిచేత ఏ మార్పును పొందకుండుననుట తర్కమునకు నిలువదు.

అమెరికాలో మెల్విన్ కోన్, కార్మీ స్కూలర్ అను సమాజశాస్త్రజ్ఞులు 1964లో మూడువేలకు పైబడిన పనివారిని ప్రశ్నించి, వారిలో కొందఱను 1974లో మరల కలిసికొని, పనిలోని జటిలతకును బుద్ధిబలమునకును గల సంబంధమును పరిశీలించిరి. 1994-95లో స్కూలర్ బృందము మూడవ పర్యాయము విచారించినది. తానే ఆలోచించి తానే నిర్ణయించుకొనవలసిన పని బుద్ధిని పెంచుననియు, చురుకైన బుద్ధి అట్టి పనినే వెదకికొనుననియు, రెండును నిజమని తేలినది. అంతకంటె విశేషమేమనగా, 1999లో ప్రకటించిన ఫలితములలో ఆ పనియొక్క ప్రభావము పిన్నలయందుకంటె పెద్దలయందే అధికముగా కనబడినది. ముదిమిలో బుద్ధిని సానబట్టుట వ్యర్థమనువారు దీనిని గమనింపవలెను.

ఇచ్చటనే నాకు గీతతో ఒక చిక్కు వచ్చినది. ఫలమునందు అధికారము లేదని భగవానుడు చెప్పినపుడు మనము కూలిని, కీర్తిని, స్వర్గమును తలంతుము, వానిని త్యజింపవచ్చును. చేసిన పని చేసినవాని బుద్ధియందే నిలిచిపోవునెడల ఆ ఫలమును త్యజించుట యెట్లు? సంస్కారమను పేర మనవారు దీనిని ఎఱుగకపోలేదు గాని, దానిని జన్మాంతరమునకు పంపుటలో చూపిన శ్రద్ధ ఈ జన్మములోని డెబ్బదవ యేటిపై చూపినట్లు లేదు.

స్వధర్మవాదులు ధర్మవ్యాధుని చూపుదురు. అరణ్యపర్వమున కౌశికుడను తపస్వికి ధర్మము బోధించినవాడు మిథిలలో మాంసము విక్రయించువాడు. అతనియొద్దకు పంపినది ఒక గృహిణి. ఏ పనియైనను శ్రద్ధతో చేసిన జ్ఞానము కలుగునని దీనినుండి తేల్చుట వాడుక. నేనంత దూరము పోజాలను. ధర్మవ్యాధుడు తన యంగడికి తానే యజమాని. తాను చంపక, పరులు చంపినదానినే అమ్ముదునని నియమము పెట్టుకొన్నవాడును తానే. ఆ యిల్లాలును, భిక్షకు వచ్చిన బ్రాహ్మణుని తాళుమని, ఆకలిగొని వచ్చిన భర్తకు ముందు వడ్డింప తానే నిశ్చయించుకొన్నది. ఇరువురి పనిలోను నిర్ణయము వారి చేతనే యున్నది.

మామిడికాలమున గుజ్జు ఫ్యాక్టరీలో బెల్టు ప్రక్కన నిలిచి, కదలివచ్చు తోతాపురి కాయలలో చెడినవానిని ఏరు కూలి స్త్రీ మాట వేఱు. బెల్టు వేగము ఆమె చేతిలో లేదు. ఏది చెడ్డకాయయో ముందే చెప్పియుందురు. తల త్రిప్పినచో మేస్త్రీ అదలించును. శ్రద్ధలో ఆమె ధర్మవ్యాధునకు తీసిపోదు. ఆమెకు లేనిది అవకాశము. అట్టి పనులనే బ్రదుకెల్ల ఆమెకు అప్పగించి, వార్ధక్యమున వచ్చు మతిమఱపును ఆమె ప్రారబ్ధమునకు కట్టుట న్యాయము కాదు. ఆ కర్మలో పని పంచినవానికిని పాలు కలదు.

అట్లని కూలివాని బుద్ధి కూలితోనే ముగియునని గాదు. చిత్తూరు సీమ పల్లెలలో ధర్మరాజు గుళ్లయొద్ద 18 దినములు భారతము జరుగును: పగలు హరికథ, రాత్రి తెల్లవార్లు నాటకము, అర్జునుడు తపస్సుమాను ఎక్కుట, తుదకు మట్టితో చేసిన దుర్యోధనుని తొడను భీముడు కొట్టుట. రాత్రి కిరీటము పెట్టిన రారాజు తెల్లవారి మండీలో కాయలు మోయువాడై యుండవచ్చును. వందలకొలది పద్యములును, ఎదుటి వేషగాడు తడబడినపుడు కథను దారికి తెచ్చు స్ఫురణయు అతనికి కలవు. జటిలమైన తీరికవేళ వ్యాసంగములును వృద్ధుల బుద్ధికి తోడ్పడునని 2001లో స్కూలరే మరల ప్రకటించెను. కాని ఆ తీరిక యందఱిది కాదు. ద్రౌపది వేషమునైనను చిరకాలము మగవారే కట్టిరి. ఫ్యాక్టరీనుండి వచ్చి పొయ్యి ముట్టించి, పశువులకు మేత వేసి, పాలు పితికి కేంద్రమునకు పోయు స్త్రీకి పద్యము వల్లెవేయు వేళ యెప్పుడు? ఆమె బుద్ధికి ఏ వ్యాసంగమును మిగిల్చిరో స్వధర్మమును బోధించువారే చెప్పవలసి యున్నది.