తారు పొర కింద వంతెన

నిర్మాణాల నిర్వహణలో నిర్లక్ష్యం రెండు రకాలు. ఏమీ చేయకుండా వదిలేయడం ఒకటి. అది కళ్లకు కనిపిస్తుంది కాబట్టి నలుగురూ తిట్టడానికైనా వీలుంటుంది. పైపైన ఏదో చేస్తూ, అంతా చేశామని నమ్మేయడం రెండోది. మొదటి దానికన్నా ఇదే ప్రమాదకరం. కోల్‌కతాలోని మాఝేర్‌హాట్ వంతెన ఈ రెండూ కలిసిన ఉదాహరణ.

దక్షిణ కోల్‌కతాలో డైమండ్ హార్బర్ రోడ్డును రైలు పట్టాల మీదుగా దాటించే ఆ వంతెనలో ఒక భాగం 2018 సెప్టెంబర్ 4 సాయంత్రం కూలిపోయింది. ముగ్గురు చనిపోయారు. ఇటలీలోని జెనోవాలో మొరాండీ వంతెన కూలి 43 మంది మరణించి అప్పటికి సరిగ్గా మూడు వారాలు. మాఝేర్‌హాట్ వంతెన వయసు సుమారు యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లలో దాని మీద తారు పొరలు ఒకదానిపై ఒకటి పేరుకుపోయాయి. వంతెన మోసేది వచ్చిపోయే వాహనాల బరువునే కాదు, తన సొంత బరువును కూడా. లారీ దాటి వెళ్లిపోతుంది, తారు ఎక్కడికీ పోదు. రోడ్డు నున్నగా అయిన ప్రతిసారీ కింద దూలాలకు భారం పెరిగింది. బండి కుదుపు లేకుండా సాగుతుంటే వంతెన బాగుందనే అనుకుంటారు ఎవరైనా. దూలం సంగతి తెలియాలంటే కిందికి దిగి చూసేవాడు ఉండాలి.

చూసినవాళ్లు లేకపోలేదు. వంతెన పరిస్థితి బాగాలేదని 2016లోనే ప్రజా పనుల శాఖకు తెలుసని ప్రమాదం తర్వాత రాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది. తెలియడానికీ పని మొదలవడానికీ మధ్య ఫైలు తిరుగుతూ ఉండిపోయింది. ఫైలు కదులుతోంది కాబట్టి పని జరుగుతున్నట్టే లెక్క! అదీ ఒక రకం తారు పొరే.

అదే నగరంలో హౌరా వంతెన 1943 నుంచి నిలబడి ఉంది. 26,500 టన్నుల ఉక్కు. నట్లూ బోల్టులూ లేకుండా రివెట్లతో బిగించిన నిర్మాణం. దాన్ని చూసుకునే బాధ్యత పోర్టుది. ఇంత ఉక్కు దిగ్గజానికి ఎదురైన శత్రువుల్లో ఒకటి పాన్ ఉమ్మి. నడిచి వెళ్లేవాళ్లు రోడ్డును మోసే కడ్డీల మొదళ్లలో ఉమ్మేస్తుంటే అక్కడి ఉక్కు తొడుగులు తుప్పు పట్టాయి. 2007లో 6 మిల్లీమీటర్లు ఉన్న మందం 2011 నాటికి సగానికి పడిపోయిందని ఇంజనీర్లు గుర్తించారు. కడిగేయడానికి వీలుగా మొదళ్లకు ఫైబర్‌గ్లాస్ కవచాలు బిగించారు. ఉమ్మేవాళ్ల బుద్ధి మారేదాకా ఎదురుచూడకపోవడం తెలివైన పని. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది: 2007 కొలత చేతిలో ఉంది కాబట్టే 2011 కొలతకు అర్థం వచ్చింది. నిర్వహణ అంటే ముందు కొలిచి రాసిపెట్టుకోవడం, రంగులు వేయడం ఆ తర్వాతి మాట.

కొలిచినంత మాత్రాన సరిపోదు, బాగుచేయడానికి వాడకాన్ని ఆపగలగాలి. ఉత్తర కోల్‌కతాలో 1911లో పూర్తయిన టాలా ట్యాంకు ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటిది. 110 అడుగుల ఎత్తున, 90 లక్షల గ్యాలన్ల నీరు పట్టే ఉక్కు తొట్టి అది. లోపల నాలుగు గదులుగా విడగొట్టారు. ఒక గదిని ఖాళీ చేసి బాగుచేస్తున్నా నగరానికి నీళ్లు ఆగవు. ఏదో ఒక రోజు మరమ్మతు తప్పదని కట్టేటప్పుడే ఒప్పుకున్న బుద్ధి ఆ గోడల్లో కనిపిస్తుంది. విచిత్రమేమంటే అదే పేటలోని టాలా వంతెనకు అలాంటి అవకాశం లేదు. మాఝేర్‌హాట్ తర్వాత చేసిన తనిఖీల్లో దాని బలహీనత బయటపడింది. 2019లో భారీ వాహనాలను ఆపారు, 2020లో పూర్తిగా మూసి కూల్చారు, కొత్తది 2022 సెప్టెంబర్‌లో గానీ తెరుచుకోలేదు. అన్నేళ్లూ ఉత్తర శివార్ల జనం చుట్టు తిరిగారు.

మరమ్మతుకు ముందే ఏర్పాటు లేని ఈ లోటు ఎలాంటిదో తెలుగు రైతులకు తుంగభద్ర ఆనకట్ట చూపించింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నీటిని అడ్డుకోవడానికి సిద్ధంగా స్టాప్‌లాగ్ అనే తాత్కాలిక గేటు లేదు. నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో అప్పటికప్పుడు చేయించి, ప్రవాహంలోనే దించి బిగించేదాకా ఆయకట్టు నీళ్లు నదిపాలయ్యాయి.

మాఝేర్‌హాట్‌లో కొత్త వంతెన జై హింద్ సేతు పేరుతో 2020 డిసెంబర్ 3న ప్రారంభమైంది. ఏ ఊళ్లోనైనా వంతెన ప్రారంభించే రోజు శిలాఫలకం మీద పేర్లతో పాటు మరో రెండు సంగతులు చెక్కించాలి: తనిఖీ కోసం దాన్ని ఏటా ఏ నెలలో మూస్తారో, దాని మీద ఎంత మందం వరకు తారు వేయవచ్చో.